అంతర్జాల రేడియో – మన కళాశాల కర్తవ్యం

భాషను కంటితో చదివి నేర్వవచ్చు గాని, చెవితో వినక దాని ప్రాణం పట్టుబడదు. ఉర్దూ, తెలుగు రెండింటినీ బోధించే మన కళాశాలలో ఈ మాటకు ప్రత్యేకమైన అర్థం ఉన్నది. ఉర్దూ లిపిలో హ్రస్వాచ్చులకు వేరే అక్షరాలు లేవు. జేర్, జబర్, పేష్ అనే గుర్తులు పసిపిల్లల వాచకాలలో తప్ప సాధారణ ముద్రణలో కానరావు. కనుక ఒక పదాన్ని ఇదివరకు విని ఉన్నవాడే దానిని తప్పు లేకుండా చదువగలడు. పైగా మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు ముస్లింల ఇండ్లలో పలికేది దక్ఖనీ. దాని సొగసు దానిదే. దానిని చిన్నచూపు చూడడం మా ఉద్దేశం కాదు. అయితే అంగిలి వెనుకనుండి పుట్టవలసిన 'పెద్ద కాఫ్' దక్ఖనీ నోట 'ఖే'గా మారుతుందన్నది అందరూ ఎరిగినదే. తెలుగు విషయంలోనూ ఇట్టి చిక్కే కలదు. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు అయిన విద్యార్థికి శ, ష, స ల భేదమూ, ణ, న ల భేదమూ, ళ, ల ల భేదమూ పుస్తకం చెప్పదు. తరగతిలో అధ్యాపకుడు చెప్పేది రోజుకొక గంట. మిగిలిన గంటలలో ఎవరు చెప్పాలి?

ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు రేడియో. మన జిల్లా 1953 అక్టోబరు 1వ తేదీ దాకా మద్రాసు రాష్ట్రంలోనిది. 1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం వెలసిన నాటినుండి అక్కడి తెలుగు ప్రసంగాలు, నాటకాలు ఈ ప్రాంతానికి అందాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం, 1963 జూన్ 17న కడప కేంద్రం వచ్చాయి. ఇటు హైదరాబాదులో 1935లో నిజాము ప్రభుత్వ యాజమాన్యం కిందికి వచ్చిన దక్కన్ రేడియో ప్రధానంగా ఉర్దూలోను, తక్కిన స్థానిక భాషలలోను ప్రసారాలు చేసి, 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. హైదరాబాదు కేంద్రపు ఉర్దూ కార్యక్రమం 'నైరంగ్' దశాబ్దాల తరబడి పేరుపొందినది. ఆలిండియా రేడియో ఉర్దూ సర్వీసు 1965లో ప్రారంభమయింది. వీటికి తోడు 1957లో వచ్చిన వివిధభారతి ఉండనే ఉన్నది. ఉషశ్రీ పురాణ ప్రవచనాన్ని, బాలాంత్రపు రజనీకాంతరావు తీర్చిదిద్దిన సంగీత కార్యక్రమాలను, షేక్ చిన మౌలానా నాదస్వరాన్ని కులమత భేదం లేకుండా ఒకే పెట్టె ముందు కూర్చుని వినిన తరం మన ముందు తరమే.

ఆ వినికిడికి ఒక గొప్ప గుణం ఉన్నది. రేడియో పెట్టెకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టవలసిన రోజులలో సైతం – ఆ పద్ధతి 1980ల నడుమ రద్దయింది – శ్రోత ఏ కేంద్రం విన్నాడో, ఎంతసేపు విన్నాడో ఎవరికీ తెలిసేది కాదు. కేంద్రం మాట్లాడుతుంది, ఇష్టమున్నవాడు వింటాడు, లేనివాడు మరను తిప్పుతాడు. పేరు చెప్పనక్కరలేదు, ఊరు చెప్పనక్కరలేదు. పలమనేరు సంతలో కొన్న చిన్న ట్రాన్సిస్టరుకూ, పట్నంలోని ధనికుని ఇంటి పెద్ద పెట్టెకూ ఒకే ధ్వని, ఒకే మర్యాద. జ్ఞానం ఇంత సమానంగా పంచిన సాధనం మరొకటి చెప్పడం కష్టం.

నేడు ఆ స్థితి మారింది. తిరుపతి ఎఫ్.ఎం. కేంద్రం 103.2 మెగాహెర్ట్జ్ మీద పలుకుతున్నది గాని, ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే సాగుతాయి. కొండ అడ్డం వస్తే ఆగుతాయి. శేషాచలం కొండలు, వాటి వెనుక మెట్ట, ఆపైన నూరు కిలోమీటర్లకు మించిన దూరం – ఇన్ని దాటి మదనపల్లె వైపు పడమటి మండలాలకు ఆ ధ్వని చేరడం సులభం కాదు. మీడియం వేవ్ కొండలను లక్ష్యపెట్టదు గాని, మన ఇండ్లలోని ఎల్.ఇ.డి. దీపాలు, సెల్‌ఫోను చార్జర్లు పుట్టించే గరగర దానిని మింగివేస్తున్నది. షార్ట్‌వేవ్ సంగతి మరింత దయనీయం. బి.బి.సి. హిందీ షార్ట్‌వేవ్ ప్రసారం 2020 జనవరి 31తో ముగిసింది. అరబ్బీ, పారశీ, హిందీ, ఉర్దూ, తమిళం, బెంగాలీ మొదలుగాగల పది భాషల రేడియో సేవలను నిలిపివేయనున్నట్లు ఆ సంస్థ 2022 సెప్టెంబరులో ప్రకటించింది. గాలిలో వచ్చే విద్య తరుగుతున్నది. దాని స్థానంలో తీగ మీద వచ్చే విద్య పెరుగుతున్నది. దానినే అంతర్జాల రేడియో అంటున్నారు.

అంతర్జాల రేడియో అంటే ఏమిటో కొంచెం వివరంగా తెలుసుకోవడం అవసరం. కేంద్రంలోని ధ్వనిని కంప్యూటరు అంకెలుగా మార్చి, చెవికి పట్టని భాగాలను తొలగించి, కుదించి, సర్వర్ అనే మరొక కంప్యూటరుకు అందిస్తుంది. శ్రోత కంప్యూటరు ఆ సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ ఆ అంకెలను ఎడతెగకుండా పంపుతుంది. అందుకే దీనికి స్ట్రీమ్, అనగా ప్రవాహం, అని పేరు. శ్రోత కంప్యూటరు కొన్ని క్షణాల ధ్వనిని ముందుగా నిలువచేసుకుని, ఆపైన వినిపించడం మొదలుపెడుతుంది. నడుమ తీగలో చిన్న అంతరాయం కలిగినా పాట ఆగకుండా ఉండడానికే ఈ నిలువ. అందువలన అంతర్జాలంలో వినే ప్రసారం గాలిలో వినే ప్రసారం కంటె వెనుకబడి వస్తుంది. వార్తలకు ముందు వినిపించే కాలసూచికను విని గడియారం సరిచేసుకునే అలవాటు ఉన్న పెద్దలు ఈ సంగతి గమనించాలి.

ఖర్చెంత అన్న ప్రశ్నకు లెక్క సులభం. క్షణానికి 64 వేల బిట్ల వేగంతో వచ్చే ప్రవాహాన్ని ఒక గంట వింటే 28.8 మెగాబైట్లు ఖర్చవుతాయి. 128 వేల బిట్లయితే 57.6 మెగాబైట్లు. మాటల కార్యక్రమానికి మొదటిది చాలును. అర్ధగంట ఉర్దూ ప్రసంగం వినడానికి 15 మెగాబైట్లు కూడ పట్టవు. మన విద్యార్థులు చూసే ఒక చిన్న సినిమా దృశ్యానికి దీనికంటె ఎక్కువ ఖర్చవుతుంది.

అయితే ఇక్కడ ఒక మౌలికమైన భేదం ఉన్నది. రేడియో ట్రాన్స్‌మిటరుకు ఒక్క శ్రోత ఉన్నా, లక్షమంది ఉన్నా ఖర్చు ఒకటే. అంతర్జాలంలో అట్లా కాదు. ప్రతి శ్రోతకూ సర్వర్ వేరువేరుగా ఒక ప్రవాహాన్ని పంపాలి. వేయిమంది వింటే 64 వేల బిట్లకు వేయి రెట్లు, అనగా క్షణానికి 6 కోట్ల 40 లక్షల బిట్లు పంపాలి. ఇంకొక విషయం. అడిగినవాడెవడో తెలియనిదే సర్వర్ ఎవరికి పంపగలదు? కనుక ప్రతి శ్రోత యంత్రపు సంఖ్య సర్వర్‌కు తెలిసే తీరుతుంది. ఆకాశంలో గుమ్మం లేదు. అంతర్జాలంలో గుమ్మం ఉన్నది. గుమ్మం ఉన్నచోట ద్వారపాలకుడు ఉంటాడు. ఆ ద్వారపాలకుడు ఎవరు, అతడు ఏమేమి అడుగుతాడు, ఎవరిని లోనికి పోనిస్తాడు అన్నదే నేటి శ్రోత ముందున్న అసలు ప్రశ్న.

ద్వారం రెండు విధాలుగా ఉండవచ్చు. మొదటిది యాప్ పద్ధతి. ఫలానా సెల్‌ఫోనులో ఫలానా యాప్ దింపుకో, నీ సంఖ్య ఇయ్యి, నీవున్న చోటు చెప్పు, నడుమ ప్రకటనలు చూడు, ఆపైన విను. పలు వ్యాపార సంస్థలు అనుసరించే మార్గం ఇది. రెండవది చిరునామా పద్ధతి. ప్రవాహానికి ఒక చిరునామా ఉంటుంది. అది తెలిసినవాడు తనకు నచ్చిన యంత్రంలో, తనకు నచ్చిన సాఫ్ట్‌వేరుతో వింటాడు. ఈ రెండవ పద్ధతిలో పాత రేడియో మర్యాద చాలమటుకు నిలిచి ఉన్నది. మరను తిప్పే స్వేచ్ఛ శ్రోత చేతిలోనే ఉంటుంది. మన వాదమంతా ఈ చిరునామా పద్ధతి కొరకే.

లినక్స్ ప్రసక్తి ఇక్కడనే వస్తుంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ పేరిట స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమాన్ని ఆరంభించాడు. 1991 ఆగస్టులో ఫిన్లండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి లోకానికి తెలిపాడు. 1992లో అది గ్నూ వారి అనుమతిపత్రం కిందికి వచ్చింది. ఎవరైనా వాడవచ్చు, లోపల ఏమున్నదో చదవవచ్చు, మార్చవచ్చు, పదిమందికి పంచవచ్చు – ఇదీ ఆ అనుమతిపత్రపు సారాంశం. విద్యాసంస్థకు ఇంతకంటె తగిన నియమం ఏముంటుంది? గ్రంథాలయంలో పుస్తకాన్ని ఎట్లా పదిమంది చదువుతారో, ఈ సాఫ్ట్‌వేరును అట్లా పదిమంది పంచుకుంటారు. తెలుగులోనూ ఈ కృషి జరిగింది; హైదరాబాదు కేంద్రంగా 'స్వేచ్ఛ' సంస్థ లినక్స్‌ను తెలుగువారికి తెలుగులో అందించడానికి పాటుపడింది.

దీనిలో మరొక ప్రయోజనం కూడ కలదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని తరువాతి విండోస్ 11ను మోయలేని కంప్యూటర్లు ఎన్నో కళాశాలల గదులలో గుడ్డ కప్పుకుని కూర్చున్నాయి. వాటిని తుక్కుకు వేయనక్కరలేదు. రెండు గిగాబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న కంప్యూటరు కూడ తేలికపాటి లినక్స్‌తో రేడియో వినిపించగలదు. ధ్వని ప్రవాహానికి పెద్ద యంత్రం అక్కరలేదు. మరీ పాతవైన 32 బిట్ల యంత్రాలను మాత్రం పెద్ద లినక్స్ పంపిణీలు ఒక్కొక్కటిగా విడిచిపెడుతున్నాయి. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13ను అట్టి యంత్రాలలో కొత్తగా స్థాపించడానికి వీలులేదు. ఆ సంగతి ముందుగా చూసుకుని యంత్రాన్ని ఎంచుకోవాలి.

వినే విధానం చెబుతాము. వి.ఎల్.సి. అనే ప్లేయరును తెరిచి, మీడియా అనే పట్టికలో 'ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్' అన్నచోట చిరునామా రాసి, ప్లే నొక్కితే చాలును. రిథమ్‌బాక్స్‌లో రేడియో అని వేరే విభాగమే ఉన్నది. ఒకసారి చేర్చిన కేంద్రం అందులో నిలిచి ఉంటుంది. టెర్మినల్ అలవాటున్నవారు ఎం.పి.వి. అని రాసి, పక్కన చిరునామా రాస్తే తెర మీద బొమ్మలేవీ లేకుండా ధ్వని వస్తుంది. 'షార్ట్‌వేవ్' అనే మరొక సాఫ్ట్‌వేరు ఉన్నది. దాని పేరు పాత షార్ట్‌వేవ్‌ను గుర్తుచేసేదే గాని, అది వెదికేది రేడియో బ్రౌజర్ అనే ప్రజా పట్టికలో. లోకంలోని వేలాది కేంద్రాల చిరునామాలను శ్రోతలే సేకరించి ఆ పట్టికలో చేర్చారు. భాష పేరు, దేశం పేరు, కేంద్రం పేరు – దేనితోనైనా వెదకవచ్చు.

కొన్ని కేంద్రాలు చిరునామాకు బదులు ఎం త్రీ యూ, పి.ఎల్.ఎస్. అనే చిన్న ఫైళ్లు ఇస్తాయి. వాటిని చూసి బెదరనక్కరలేదు. అవి ఉత్తరం మీది చిరునామా చీటీల వంటివి. మామూలు ఎడిటరులో తెరిస్తే లోపల అసలు చిరునామా కనబడుతుంది. ఎం త్రీ యూ ఎయిట్ అన్నది కొంచెం వేరు. ఆ పద్ధతిలో ధ్వనిని కొన్ని క్షణాల ముక్కలుగా కోసి, ఆ ముక్కల జాబితాను ఎప్పటికప్పుడు మారుస్తూ పంపుతారు. 2009లో ఆపిల్ సంస్థ ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. నేటి వి.ఎల్.సి., ఎం.పి.వి.లు దీనిని కూడ చక్కగా వినిపిస్తాయి.

లినక్స్‌లో పాట రాదు, ధ్వని రాదు అని కొందరు అంటూ ఉంటారు. ఆ అపవాదుకు ఒక చారిత్రక కారణం ఉన్నది. ఎం.పి. త్రీ పద్ధతిపై జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థకు, మరికొందరికి పేటెంటు హక్కులు ఉండేవి. అందువలన ఫెడోరా వంటి పంపిణీలు ఆ పద్ధతిని విప్పే సాధనాన్ని తమతో కలిపి ఇచ్చేవి కావు. వాడుకరి విడిగా వెదికి తెచ్చుకోవలసి వచ్చేది. ఆ చిక్కుకు సమాధానంగానే ఎవరి హక్కులూ లేని ఆగ్ వార్బిస్, 2002లో పూర్ణరూపంలో వెలువడింది. 2012లో ఓపస్ ప్రమాణంగా స్థిరపడింది. చివరకు ఎం.పి. త్రీ లైసెన్సు పథకం కూడ 2017 ఏప్రిల్‌లో ముగిసింది. తాళం ఊడిపోయింది గాని, తాళం వేసి ఉన్నదన్న ప్రచారం మాత్రం నేటికీ సాగుతున్నది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు విలువ తెలిపే ఉదాహరణ మన దేశంలోనే జరిగింది. వి.ఎల్.సి. ప్లేయరు పారిస్ నగరపు విద్యార్థుల ప్రయత్నంగా 1996లో మొదలై, 2001లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా వెలువడింది. 2022లో దాని వెబ్‌సైటు భారతదేశంలో కొన్ని నెలలపాటు తెరుచుకోలేదు. కారణం చెప్పకుండా అడ్డగించారని దానిని రూపొందించినవారు అభ్యంతరం తెలిపి, లీగల్ నోటీసు పంపిన తరువాత, ఆ సంవత్సరం నవంబరులో ఆ అడ్డు తొలగింది. ఆ నెలలన్నిటిలో లినక్స్ వాడుకరికి వి.ఎల్.సి. అందకుండా పోలేదు. ఎందుకంటే పలు లినక్స్ పంపిణీల భాండారాలలో దాని ప్రతి ఉన్నది. పంచుకునే హక్కు ఉన్న వస్తువు ఒకచోట మూసినా పదిచోట్ల దొరుకుతుంది.

దీనికి ప్రతిగా ఒక ఆక్షేపణ వినబడుతుంది. ప్రతి విద్యార్థి జేబులో సెల్‌ఫోను ఉండగా, పాత కంప్యూటరు ముందు కూర్చోబెట్టి రేడియో వినిపించడమేమిటని. ఈ మాటలో కొంత సత్యం లేకపోలేదు. ఒంటరిగా వినడానికి ఫోను చాలును. ఫోనులో కూడ చిరునామాతో వినే ప్లేయర్లు ఉన్నాయి. కాని చెవిలో గొట్టం పెట్టుకుని ఒక్కరు వినే దానికీ, ఒక గదిలో నలభైమంది వినే దానికీ భేదం ఉన్నది. అందరూ వినిన మాట మీద ప్రశ్న పుడుతుంది, చర్చ పుడుతుంది. 'ఈ పదాన్ని అట్లా ఎందుకు పలికాడు' అని ఒకడు అడుగుతాడు, మరొకడు నిఘంటువు తెరుస్తాడు. ఫోనులో పాఠం నడుమ సందేశం వస్తుంది, సందేశం నడుమ ఆట వస్తుంది. రేడియో వినిపించే పని ఒక్కటే అప్పగించిన కంప్యూటరుకు ఆ చాపల్యం లేదు. లెక్క ప్రకారం చూసినా నలభైమందికి నలభై ప్రవాహాలు అక్కరలేదు. ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు, ఒకే ప్రవాహం. పాత పంచాయతీ రేడియో నీతి ఇదే గదా.

మరికొందరు లినక్స్ కష్టమంటారు. కష్టమన్నది అలవాటును బట్టి ఉంటుంది. కొత్తగా నేర్చేవానికి అన్నీ సమానమే. ఒక విద్యార్థి చిరునామా తెరవక, అది పని చేయకపోతే కారణం వెదికి – తీగ తెగిందా, చిరునామా మారిందా, ధ్వని పద్ధతి వేరా, స్పీకరు ఆపి ఉన్నదా అని ఒక్కొక్కటిగా పరిశీలిస్తే – ఒక రోజులో అంతర్జాలపు నిర్మాణమంతా అతనికి బోధపడుతుంది. యాప్‌లో బొత్తం నొక్కేవానికి ఆ విద్య అబ్బదు. ఆ యాప్ పనిచేయని నాడు అతడు నిస్సహాయుడు.

ఇంత చెప్పి, అంతర్జాల రేడియో లోపాలను దాచడం న్యాయం కాదు. చిరునామాలు తరచు మారుతాయి. 2015లో బి.బి.సి. తన పాత పద్ధతి ప్రవాహాలను మాని కొత్త పద్ధతికి మారినప్పుడు, శ్రోతలు డబ్బు పోసి కొన్న ఇంటర్నెట్ రేడియో పెట్టెలు అనేకం మూగపోయాయి. ట్రాన్సిస్టరు అట్లా మూగపోదు. 1970లో కొన్న పెట్టెలో నేటి మీడియం వేవ్ ప్రసారం వినవచ్చు. అంతకంటె ముఖ్యమైనది ఆపత్కాలం. 2021 నవంబరులో కురిసిన కుండపోత వానలకు తిరుపతి వీధులు ఏరులై పారిన సంగతి, ఆ నెల 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు తీరగ్రామాలు కొట్టుకుపోయిన సంగతి మనమెవరమూ మరువలేదు. అట్టి వేళ కరెంటు పోతుంది, టవరు ఆగుతుంది, తీగ తెగుతుంది. అంతర్జాలం అన్నిటికంటె ముందు చేతులెత్తేస్తుంది. రెండు బ్యాటరీలతో నడిచే ట్రాన్సిస్టరు, ఎక్కడో దూరాన నిలిచి ఉన్న ట్రాన్స్‌మిటరు – ఈ రెండే అప్పుడు దిక్కు. కనుక అంతర్జాలం వచ్చింది గదా అని గాలి ప్రసారాలను ఎత్తివేయడాన్ని మేము సమర్థించము. ప్రవాహం ప్రసారానికి తోడు కావాలి గాని ప్రత్యామ్నాయం కారాదు.

ఇక కర్తవ్యం మాట. మొదట ప్రసారభారతికి మా విన్నపం. రెండు వందలకు పైబడిన ఆకాశవాణి సేవలను న్యూస్ ఆన్ ఎయిర్ ద్వారా అంతర్జాలంలో అందించడం ప్రశంసనీయమైన పని. ఢిల్లీ ఉర్దూ సర్వీసును, హైదరాబాదు, విజయవాడ కేంద్రాలను కుప్పంలోని విద్యార్థి కూడ వినగలగడం చిన్న విషయం కాదు. అయితే ప్రజల సొమ్ముతో నడిచే ప్రసారానికి చిరునామా ప్రజలకు తెలియాలి. ప్రతి కేంద్రపు ప్రవాహ చిరునామాను ఒక పట్టికగా ప్రకటించి, మారినప్పుడు ముందుగా తెలిపి, పేరు నమోదు వంటి నిబంధనలు లేకుండా, అందరి యంత్రాలలోనూ వినబడే పద్ధతిలో దానిని నిలుపాలి. వెనుకటి రోజులలో పత్రికలలో కేంద్రాల మీటర్ల సంఖ్యలు అచ్చయ్యేవి. ఆ మర్యాదే నేడు చిరునామాకు జరగాలి.

తరువాత మన కళాశాల. గ్రంథాలయంలో ఒక మూల శ్రవణశాలగా ఏర్పాటు చేయవలెనని మా సూచన. దానికి మూలబడిన కంప్యూటర్లు రెండు, స్పీకర్లు, లినక్స్, గ్రంథాలయంలో ఉన్న అంతర్జాలపు తీగ – ఇంతకు మించి అక్కరలేదు. ఉర్దూ శాఖవారు ఒక పట్టిక, తెలుగు శాఖవారు ఒక పట్టిక తయారుచేయాలి. ఏ కేంద్రం, ఏ వేళ, ఏ కార్యక్రమం, ఏ చిరునామా అని గోడ మీద రెండు లిపులలోనూ రాసిపెట్టాలి. వారానికొకసారి చిరునామాలను సరిచూసే బాధ్యత విద్యార్థులది. ఉర్దూ శాఖ విద్యార్థి తెలుగు ప్రసంగానికి, తెలుగు శాఖ విద్యార్థి ఉర్దూ ముషాయిరాకు కూర్చోవడం కూడ ఆ గదిలో అలవాటు కావాలి. ఇరుగుపొరుగు భాషలు ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన ఒకదానికొకటి వినబడవు. వినిపించే ఏర్పాటు ఎవరో ఒకరు చేయాలి.

వినినదానిని భద్రపరచడం కూడ నేర్వాలి. రేడియోలో వచ్చిన గొప్ప ప్రసంగాలు, నాటకాలు ఎన్నో గాలిలో కలిసిపోయాయి. 'ఈమాట' వంటి తెలుగు అంతర్జాల పత్రికలు పాత ఆకాశవాణి ధ్వనులను సేకరించి వినిపిస్తున్నందువలన కొన్నిటినైనా నేటి తరం వినగలుగుతున్నది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రసారం మీద ప్రసారకర్తకు 25 సంవత్సరాల హక్కు ఇచ్చింది. ఆ చట్టమే 39వ సెక్షనులో, సొంత వినియోగానికి గాని, నిజమైన బోధనకు, పరిశోధనకు గాని ధ్వనిని నమోదు చేసుకోవడానికి వీలు కల్పించింది. లినక్స్‌లో నియమిత వేళకు తానే మేలుకుని ప్రవాహాన్ని నమోదు చేసి, పని ముగించే ఏర్పాటు ఉన్నది. రాత్రి పొద్దుపోయి వచ్చే ఉర్దూ కార్యక్రమాన్ని మరునాటి తరగతిలో విద్యార్థులు వినవచ్చు. దానిని బజారులో పంచడానికి మాత్రం ఆ చట్టం ఒప్పదు. ఆ హద్దు తెలిసి మెలగాలి.

చివరగా విద్యార్థినీ విద్యార్థులకు ఒక మాట. మీకు ముందున్న తరానికి సమీపంలో పెద్ద గ్రంథాలయాలు లేవు, గొప్ప వక్తలు మన పడమటి ఊళ్లకు వచ్చేవారు కారు. అయినా వారి ఉచ్చారణ తీరింది, వారి చెవి పదునెక్కింది. ఒక పెట్టె వారికి ఢిల్లీని, హైదరాబాదును, మద్రాసును ఇంటికి తెచ్చింది. ఆ పెట్టె మీ చేతిలోనుండి జారిపోతున్నది. దాని బదులు అంతకంటె పెద్ద లోకాన్ని చూపగల యంత్రం మీ ముందున్నది. దానిని మీరు ఏలుతారా, అది మిమ్మల్ని ఏలుతుందా అన్నది మీరు ఈ రోజు నేర్చుకునే చిన్న విద్య మీద ఆధారపడి ఉన్నది. చిరునామా తెలుసుకోండి, తలుపు మీరే తెరవండి, మంచి ఉర్దూ, మంచి తెలుగు చెవినిండా వినండి. చెవి బాగుపడితే నోరు బాగుపడుతుంది. నోరు బాగుపడిన జాతి మాట పదిమందిలో చెల్లుతుంది.